మీకు తెలుసా? కణితిని కూల్చే మందు మన గుమ్మం ముందే పూస్తోంది!

ఒక్క కణం. ఒకే ఒక్కటి! అదుపు తప్పిందా, రెండవుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఇలా 30 సార్లు రెట్టింపైతే ఎన్నో తెలుసా? 100 కోట్ల పైనే! మరి అప్పటికి కణితి ఎంతుంటుంది? శనగగింజంత!

కాలవ నీరందకపోతే మన దివిసీమ చేలు ఎండిపోవూ? కణితీ అంతే! 2 మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి రక్తం అందాలి. అందుకే దగ్గర్లోని రక్తనాళాలకు రసాయన కబురు పంపుతుంది. అవి కొత్త కొమ్మలు వేస్తాయి. తన కోసం తానే బోదె తవ్వించుకుంటుందన్నమాట! ఆ బోదెకు అడ్డుకట్ట వేసే మందులూ వచ్చేశాయి!

కణితి నుంచి జారిన కణాలు రక్తంలో పడి ఊరేగుతాయి. భయపడకండి, వాటి బతుకూ కష్టమే! ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో 1,000 కణాలు వెళ్తే కొత్తచోట కణితిగా ఎదిగింది సగటున ఒకటి కూడా లేదు! కానీ ఊదగడ్డి సంగతి రైతుకు తెలుసుగా. ఒక్క గింజ నిలిచినా చాలు!

కణితి పక్కనే రేడియోధార్మిక మూలకం పెట్టి దాన్ని లోపలే మాడ్చేయొచ్చు! ఈ వైద్యంలో న్యూయార్క్‌లో పేరు మోగించిందెవరు? మన కృష్ణా జిల్లా మంటాడలో పుట్టిన నోరి దత్తాత్రేయుడు గారు! 2015లో పద్మశ్రీ కూడా అందుకున్నారు.

ఇక ఇది వినండి! కణం చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. అచ్చం దానిలాగే ఉండే దొంగ సరుకు పెడితే? కణం మోసపోతుంది! డీఎన్‌ఏ తయారీ ఆగిపోతుంది! ఆ సరుకే అమినోప్టెరిన్. తయారుచేయించింది మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు! బోస్టన్‌లో రక్త క్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మంది తేరుకున్నారు. కొన్నాళ్లకే కావచ్చు. అయినా అంతకుముందు ఆ పిల్లలకు ఆ కొన్నాళ్లూ లేవు! దాని చెల్లెలు మెథోట్రెక్సేట్ ఈనాటికీ పనిచేస్తోంది. మీ ఇంట్లో ఎవరైనా కీళ్లవాతానికి అదే మాత్ర వేసుకుంటున్నారేమో చూడండి!

చివరిది మన పెరటి రహస్యం! కోడూరు నుంచి హంసలదీవి దాకా గుమ్మాల ముందు పూసే బిళ్ళగన్నేరు ఉంది చూశారూ? పశువులు కూడా మూతి పెట్టని మొక్క! దాని ఆకుల్లోంచే విన్‌క్రిస్టిన్ తీస్తారు. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని దారాలు అల్లుకుంటుంది. ఈ మందు ఆ దారాల్ని అల్లనివ్వదు! చీలలేక కణం అక్కడే చస్తుంది! 1963 నుంచి పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడుతున్నారు. ఆకు మాత్రం నమలకండి, విషం! ఒక్క గ్రాము మందు తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి మరి!