ఎదురుపడ్డ తొలి గంట

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును రెండుగా చీల్చుకుంటూ సాగుతుంది. జనవరి ఉదయాల్లో ఆ రోడ్డు పక్కన బైనాక్యులర్లు మెడలో వేసుకున్న మనుషులు గుంపుగా కనిపిస్తుంటారు. నెల్లూరు నుంచి కొందరు, చెన్నై నుంచి కొందరు. వాట్సాప్‌లో నెలల తరబడి ఫొటోలు పంపుకుని, ఇది ఏ రకం ఉల్లంకి పిట్ట అని అర్ధరాత్రిదాకా వాదించుకున్నవాళ్లు వారిలో ఉంటారు. తీరా ఎదురుపడ్డాక మాట తడబడుతుంది. "అన్నా, ఆ గూడబాతు ఫొటో పెట్టింది మీరేనా?" అని ఒకరు మొదలుపెడతారు. చాట్‌లో నువ్వు అని చనువుగా పిలుచుకున్నవాళ్లు ఒక్కసారిగా 'మీరు'లోకి వెళ్లిపోతారు.

అంత పరిచయమున్నా ఈ బిడియం ఎందుకు? మనసు చెప్పుకోగలిగినవాళ్లకు ముఖం చూడగానే మొహమాటం ఎక్కడిది?

అమెరికాకు చెందిన కమ్యూనికేషన్ శాస్త్రవేత్త జోసెఫ్ వాల్తర్ 1996లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. రాతలో పరిచయమైనవాళ్లు ఒక్కోసారి ముఖాముఖి పరిచయాల కన్నా ఎక్కువ దగ్గరవుతారని ఆయన సిద్ధాంతం. రాసేవారికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, నచ్చని వాక్యాన్ని చెరిపేసే వీలుంటుంది. చదివేవారికి ముఖం, గొంతు, హావభావాలు అందవు. ఆ ఖాళీలను వారి ఊహ నింపుతుంది, అదీ చాలావరకు మంచితోనే నింపుతుంది.

2002లో కాటెలిన్ మెకెన్నా, ఆమె సహచరులు ప్రచురించిన పరిశోధనలో దీనికి చక్కటి రుజువు దొరికింది. కొందరు విద్యార్థులు ఒకే మనిషిని ఒకసారి చాట్‌లో, ఒకసారి నేరుగా కలిశారు. ఇద్దరూ ఒక్కరేనని వాళ్లకు తెలియదు. చాట్‌లో మాట్లాడిన 'ఆ మనిషే' ఎక్కువ నచ్చారని చెప్పారు! కాబట్టి తొలిసారి కలిసినప్పుడు మన ముందు ఇద్దరుంటారు: నెలలుగా ఊహలో పెరిగిన మనిషి, ఎదుట నిలబడ్డ మనిషి. ఆ ఇద్దరినీ ఒక్కరుగా కలుపుకోవడానికి మెదడుకు కొంత సమయం కావాలి.

కళ్లూ చెవులూ కూడా కొంత సర్దుకోవాల్సిందే. సెల్ఫీలో ముఖం కెమెరాకు మరీ దగ్గరగా ఉంటుంది. 12 అంగుళాల దూరంలో తీసిన ఫొటోలో ముక్కు, 5 అడుగుల దూరం నుంచి తీసిన దానికన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. గొంతు సంగతీ అంతే. పాత టెలిఫోను 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వనులనే మోసుకెళ్లేది. మగవారి గొంతు మూలధ్వని సుమారు 100 హెర్ట్జ్, ఆడవారిది సుమారు 200 హెర్ట్జ్. అంటే ఆ మూలధ్వని తీగలో ప్రయాణించేదే కాదు, పైనున్న స్వరాలను బట్టి మెదడే దాన్ని అల్లుకునేది. పక్కన నిలబడి వింటున్నప్పుడు ఆ గొంతు నిండుగా, కొత్తగా తోస్తుంది.

అన్నిటికన్నా సూక్ష్మమైంది మాటల తాళం. ప్రపంచంలోని 10 భాషల్లో సంభాషణలను కొలిచి 2009లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఒకరి మాట ముగిశాక మరొకరు అందుకోవడానికి పట్టే వ్యవధి సగటున 200 మిల్లీసెకన్లు. కంటి రెప్పపాటంత. ఒక్క పదాన్ని సిద్ధం చేసుకోవడానికే సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఎదుటివారు ఇంకా మాట్లాడుతుండగానే మనం జవాబు అల్లడం మొదలుపెట్టాలి. వారి వాక్యం ఎక్కడ ఆగుతుందో పసిగట్టాలి. చాట్‌లో ఆ పని లేదు, తీరిగ్గా టైప్ చేసుకోవచ్చు. అందుకే కొత్తగా కలిసినవాళ్లు ఇద్దరూ ఒకేసారి మాట్లాడబోయి ఇద్దరూ ఆగిపోతారు. ఒకరి తాళం ఒకరికి అబ్బేసరికి కాస్త సమయం పడుతుంది.

తెలుగువాళ్లకు ఈ అనుభవం బాగా తెలుసు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లు ఏళ్ల తరబడి ఒకరికొకరు వాడుకరి పేర్లుగానే తెలుసు. చర్చా పేజీల్లో, రచ్చబండలో అక్షరాల మీదా ఆధారాల మీదా గట్టిగా తలపడినవాళ్లు 2014లో విజయవాడలో దశాబ్ది ఉత్సవాలకు, 2015లో తిరుపతిలో, 2024లో విశాఖపట్నంలో ఒకచోట చేరారు. అంతకు ముందు తరంలో హామ్ రేడియోవాళ్లున్నారు. గాలిలో గొంతు మాత్రమే తెలిసిన మిత్రుణ్ని నేరుగా కలవడాన్ని వాళ్లు 'ఐబాల్ క్యూఎస్ఓ' అంటారు. కంటితో జరిపే సంభాషణ అన్నమాట. ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారంటే వాళ్లకు అదెంత ముఖ్యమో తెలుస్తుంది.

మళ్లీ పులికాట్ ఒడ్డుకు వద్దాం. ఫోన్ తెర నిండా గులాబి రంగుతో మెరిసిన ఫ్లెమింగో ఇక్కడ దూరంగా నీటి అంచున ఒక గీతలా కనిపిస్తుంది. స్టాండు మీద బిగించిన టెలిస్కోపులో ఒకరు కన్ను పెడతారు, పక్కవారు తమ వంతు కోసం వంగి నిలబడతారు. "ముక్కు తలకిందులుగా పెట్టి తింటోంది చూడండి" అంటూ చోటిస్తారు. పదులుగా లెక్కపెట్టి ఒకరు చెబుతుంటే మరొకరు రాసుకుంటారు. మొహమాటం ఎప్పుడు పోయిందో ఇద్దరికీ తెలియదు.

దీని వెనుకా శాస్త్రముంది. ఎరికా బూత్‌బీ బృందం 2014లో యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగంలో, పక్కనున్నవారూ అదే చాక్లెట్ తింటున్నారని తెలిసినప్పుడు తియ్యటి చాక్లెట్ మరింత నచ్చింది. చేదుది మరింత వెగటుగా తోచింది. కలిసి పొందిన అనుభవం ఏదైనా గాఢమవుతుంది. అందుకే తొలి కలయికకు హోటల్ బల్లకు అటూ ఇటూ కూర్చోవడం కన్నా, ఇద్దరూ కలిసి చూసేది ఒకటి ఉన్న చోటే మేలు. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు అలాంటిదే. నీరుకడప చెట్ల మీద గూడబాతుల గూళ్లను చూడ్డానికి జనం వస్తూ పోతూ ఉంటారు.

జాగ్రత్త మాత్రం మరువకూడదు. మొదటిసారి పగటిపూట, నలుగురూ తిరిగే చోటే కలవాలి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పాలి. పిల్లలైతే పెద్దల తోడుతోనే వెళ్లాలి. ముఖం చూడకముందే డబ్బు అడిగిన 'స్నేహితుడి'ని నమ్మకూడదు. ఒకవేళ మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

కలిసి ఇంటికి తిరిగొచ్చాక చాలామందిని ఒక గుబులు వేధిస్తుంది: 'నేను వాళ్లకు నచ్చానో లేదో!' బూత్‌బీ, ఆమె సహచరులు 2018లో దీన్నీ పరిశీలించారు. కొత్తవారితో మాట్లాడాక, తాము ఎదుటివారికి ఎంత నచ్చామో జనం తక్కువగా అంచనా వేసుకుంటున్నారని తేలింది. నిజానికి ఎదుటివారు అంతకన్నా ఎక్కువే ఇష్టపడ్డారు. ఏళ్లుగా కలుద్దాం కలుద్దాం అనుకుంటున్న మిత్రులు ఎవరైనా ఉంటే ఈ చలికాలంలో ఒక ఆదివారం చూసుకోండి. కలిసి చూసేది ఒకటి కావాలంటే, ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలోనే జరుగుతోంది.