బాయి సద్ది నిండుగా... ఇల్లాలి కంచం వెలితిగా

గోదావరిఖని: బొగ్గు బాయిల ప్రాంతంలో తెల్లవారకముందే పొయ్యిలు వెలుగుతాయి. మొదటి షిఫ్టుకు పోయే కార్మికునికి సద్ది కట్టాలి. పప్పు, కూర, ఉంటే కోడిగుడ్డు ముందుగా ఆ గిన్నెలోకే పోతాయి. తరువాత బడికి పోయే పిల్లలు. చివరగా ఇల్లాలు. అప్పటికి మిగిలేది అన్నం, పచ్చిపులుసు, లేదంటే తొక్కు.

2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. అదే వయసు పురుషుల్లో నూటికి 15 మందే. నెలసరి, కాన్పులు ఇందుకు కొంత కారణం. పోయిన రక్తం తిరిగి పట్టడానికి కావలసిన ఇనుము కంచంలో లేకపోవడం మరో కారణం. ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందిది ఇదే స్థితి. తల్లికి లేనిది బిడ్డకు ఎక్కడి నుంచి వస్తుంది?

కడుపు నిండడం వేరు, ఒంటికి పట్టడం వేరు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2025లో రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. ఆకలికి అది అండ. కాని బియ్యం ఒక్కటే చాలదు. కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. రెండు వేల కేలరీల ఆహారంలో బియ్యం, జొన్నల వంటివి 250 గ్రాములు చాలునని, పప్పులు 85 గ్రాములు కావాలని తెలిపింది.

2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, కోడిగుడ్డు పెట్టాలి. అక్కడే కూర్చుని తినాలన్న నియమంలో అర్థం ఉంది. ఇంటికి తెస్తే ఆ గుడ్డు ఎవరి కంచంలోకి పోతుందో ప్రతి ఇల్లాలికీ తెలుసు. అయితే పెళ్లికాని ఆడపిల్లకు, పిల్లలు పెద్దవాళ్లయిన తల్లికి ఈ భోజనం అందదు. వారికి ఇంటి వంటే దిక్కు.

రోజుకూలీ మీద నడిచే కాంట్రాక్టు కార్మికుల ఇళ్లలో కూర కొనే ముందు ధర చూస్తారు. అలాంటి ఇళ్లకు తోటకూర, గంగవాయిలి కూర, మునగాకు, పెసలు, పల్లీలు మేలు. ఆకుకూరపై నిమ్మకాయ పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే తక్కువ పడుతుంది. గంట ఆగడం మంచిది.

బాయిలోకి దిగేవానికి బలం కావాలి. సద్ది కట్టే చేతికీ కావాలి. పొద్దున సద్ది గిన్నె నింపేటప్పుడే ఇల్లాలు తన వంతు పప్పు, కూర కూడా తీసి మూత పెట్టుకోవాలి. ఆ మూత తీయకుండా చూడడం ఇంటిల్లిపాది బాధ్యత.