పొగ విడిన ఉక్కునగరం

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రానికి పడమటి కొసన, ఆలిగేనీ, మొనాంగహీలా నదులు కలిసి ఒహాయో నదిగా మారేచోట పిట్స్‌బర్గ్ నగరం ఉంది. నూరేళ్లకు పైగా ఈ పేరు ఉక్కుకు మారుపేరు. 1980ల్లో కర్మాగారాలు వరసగా మూతపడ్డాయి. నేడు ఇక్కడికి వచ్చే సందర్శకులు ఎక్కే బండ్లు, దాటే వంతెనలు, తిరిగే మ్యూజియాలు చాలావరకు ఆ ఉక్కు కాలం వదిలివెళ్లినవే. కార్మికులను కొండెక్కించిన పెట్టెలు, కరిగిన ఇనుమును ఏరు దాటించిన వంతెనలు, ఐసు నిల్వచేసిన గోదాములు చూడదగ్గ స్థలాలయ్యాయి. పాతదాన్ని తుక్కు కింద అమ్మేయకుండా దాచుకోవడమే ఈ ఊరి పర్యాటకానికి పెట్టుబడి అయింది.

బొగ్గు, నది, పొగ

1754లో ఫ్రెంచివారు ఈ సంగమం దగ్గర డ్యుకేన్ కోట కట్టారు. నాలుగేళ్లకు దాన్ని తగలబెట్టి వెనుదిరిగారు. ఆ జాగాను పట్టుకున్న ఆంగ్లేయులు తమ దేశ నాయకుడు విలియం పిట్ పేరును ఊరికి పెట్టారు. చుట్టుపక్కల కొండల కడుపునిండా బొగ్గు. దగ్గర్లోని కానెల్స్‌విల్‌లో కోక్ అనే మేలురకం కొలిమి బొగ్గు తయారయ్యేది. సుపీరియర్ సరస్సు ప్రాంతం నుంచి ఓడల్లో, రైళ్లలో ఇనుప ఖనిజం దిగేది. తయారైన సరుకు మోయడానికి మూడు నదులున్నాయి. ఇన్ని ఒకచోట కుదిరాయి కాబట్టే స్కాట్లండ్ నుంచి వలసవచ్చిన ఆండ్రూ కార్నెగీ 1875లో బ్రాడక్ దగ్గర ఎడ్గార్ థామ్సన్ కర్మాగారం నడపడం మొదలుపెట్టాడు. 1901లో తన వ్యాపారాన్ని 48 కోట్ల డాలర్లకు అమ్మాడు. దానితోనే యు.ఎస్. స్టీల్ సంస్థ ఏర్పడింది.

ఉక్కుతోపాటు పొగా పెరిగింది. పట్టపగలు వీధిదీపాలు వెలిగించాల్సి వచ్చేది. 1941లో నగరం పొగ నియంత్రణ చట్టం చేసింది. యుద్ధం ముగిశాక, 1946 నుంచి అది అమల్లోకి వచ్చింది. మేయర్ డేవిడ్ లారెన్స్, బ్యాంకర్ రిచర్డ్ కింగ్ మెలన్ రాజకీయంగా ఎదురుబొదురు పక్షాల వాళ్లయినా ఈ పనిలో చేతులు కలిపారు. ఆకాశం తేటపడింది. ఆ తర్వాత రెండో దెబ్బ తగిలింది. 1970లు, 80ల్లో ఈ ప్రాంతంలో లక్షకు పైగా కర్మాగార ఉద్యోగాలు పోయాయి. 1950లో 6,76,806 ఉన్న నగర జనాభా 2020 నాటికి 3,02,971కి పడిపోయింది. ఆస్పత్రులు, విశ్వవిద్యాలయాలు, కంప్యూటర్ పరిశోధన ఊరిని మళ్లీ నిలబెట్టాయి. 2009లో జి-20 శిఖరాగ్ర సమావేశానికి వేదికయ్యాక ఈ మార్పు ప్రపంచం కంట పడింది.

సంగమం దగ్గర

ఊరి సందర్శన పాయింట్ స్టేట్ పార్క్ నుంచి మొదలుపెట్టడం తేలిక. 36 ఎకరాల ఈ ఉద్యానవనం ఒకప్పుడు రైలు యార్డులు, గోదాములతో కిక్కిరిసిన నేల. 1764లో కట్టిన ఫోర్ట్ పిట్ బ్లాక్ హౌస్ ఇందులోనే ఉంది. పశ్చిమ పెన్సిల్వేనియాలో నిలిచి ఉన్న కట్టడాల్లో అదే పాతది. కొసన 1974లో ప్రారంభించిన ఫౌంటెన్ 150 అడుగుల ఎత్తుకు నీళ్లు చిమ్ముతుంది. ఆ నీళ్లు పైకి కనిపించే మూడు నదులవీ కావు. భూగర్భంలో ఇసుక, కంకర పొరల్లో పారే జలాన్ని తోడి అందులోకి ఎక్కిస్తారు. స్థానికులు దాన్ని నాలుగో నది అంటారు. ప్రయాగలో అంతర్వాహిని సరస్వతి కథ విన్న తెలుగువారికి ఈ మాట కొత్తగా తోచదు.

నదికి అవతలి ఒడ్డున ఉన్న స్టేషన్ స్క్వేర్ పాత రైల్వే సముదాయం. కూల్చివేతలను అడ్డుకోవడానికి 1964లో పుట్టిన పిట్స్‌బర్గ్ హిస్టరీ అండ్ ల్యాండ్‌మార్క్స్ ఫౌండేషన్ 1976లో దీన్ని చేతికి తీసుకుని దుకాణాలు, కార్యాలయాలు, భోజనశాలలుగా మార్చింది. ప్రయాణికులు రైలు కోసం వేచి ఉండే రంగుగాజుల హాలు ఇప్పుడు రెస్టారెంట్. గేట్‌వే క్లిప్పర్ పడవలు ఈ రేవు నుంచే బయల్దేరి మూడు నదుల మీదా తిప్పుతాయి.

పడవ ఎక్కితే ఊరికి వంతెనల నగరమన్న పేరెందుకొచ్చిందో తెలుస్తుంది. నగరంలో 446 వంతెనలున్నాయని లెక్క చెబుతారు. ఆలిగేనీ నది మీద పక్కపక్కనే ఒకే పోలికతో పసుపు రంగులో నిలబడ్డ మూడింటిని అక్కచెల్లెళ్లంటారు. 1924–28 మధ్య కట్టిన వీటికి తర్వాతికాలంలో బేస్‌బాల్ ఆటగాడు రాబర్టో క్లెమెంటే, చిత్రకారుడు ఆండీ వార్హోల్, పర్యావరణ రచయిత్రి రేచల్ కార్సన్ పేర్లు పెట్టారు. మొనాంగహీలా మీద 1883 నాటి స్మిత్‌ఫీల్డ్ స్ట్రీట్ వంతెన గుస్టావ్ లిండెంతాల్ పనితనం. పక్కనుంచి చూస్తే దాని ఇనుప చట్రం కంటి ఆకారంలో ఉంటుంది.

కొండెక్కే పెట్టెలు

నగరానికి దక్షిణాన నిటారుగా లేచిన మౌంట్ వాషింగ్టన్‌ను పూర్వం బొగ్గు కొండ అనేవారు. కింద నది ఒడ్డున కర్మాగారాలు, పైన కార్మికుల ఇళ్లు. పనిదినం ముగిశాక మెట్లెక్కి ఇల్లు చేరడం కష్టమై, జర్మన్ వలసదారులు తమ దేశంలోని తాడు లాగే బండ్ల మాదిరి ఇక్కడా కావాలన్నారు. అలా 1870లో మొనాంగహీలా ఇంక్లైన్, 1877లో డ్యుకేన్ ఇంక్లైన్ వచ్చాయి. వాలు పట్టాల మీద రెండు పెట్టెలు తాళ్లకు బిగించి ఉంటాయి. గిలకబావిలో ఒక చేద దిగుతుంటే రెండోది పైకొచ్చినట్టు, ఒకటి దిగే బరువు రెండోదాన్ని పైకి లాగడానికి సాయపడుతుంది. మోటారు మోయాల్సిన బరువు తగ్గుతుంది.

ఒకప్పుడు ఊళ్లో ఇలాంటివి పదిహేడు దాకా ఉండేవి. మోటారు కార్లు వచ్చాక ఒక్కొక్కటే పోయి రెండు మిగిలాయి. 1962లో డ్యుకేన్ ఇంక్లైన్ కూడా మూతపడితే కొండమీది వాళ్లు చందాలు పోగుచేసి మరుసటి ఏడాదికే నడిపించారు. దాదాపు 800 అడుగుల పట్టా, 400 అడుగుల ఎత్తు, గంటకు పది కిలోమీటర్ల వేగం. పెట్టె లోపలి చెక్కపని పాతదే. పై స్టేషన్‌లో యంత్రాల గదినీ చూడనిస్తారు. అక్కడి పెద్ద చక్రానికి ఇప్పటికీ కొయ్యపళ్లే. ఇంక్లైన్ దిగి గ్రాండ్‌వ్యూ అవెన్యూలో నిలబడితే మూడు నదులు, వంతెనలు, నడిబొడ్డున మేడలు ఒక్క చూపులో కనిపిస్తాయి. ఊరివాళ్లు ఇప్పటికీ ఈ పెట్టెల్లో పనులకు వెళ్లివస్తారు.

చల్లారిన ఫర్నేసు

ఉక్కు చరిత్రను దగ్గరగా చూపించే యాత్ర నగరానికి తూర్పున, రాంకిన్, స్విస్‌వేల్ పట్టణాల దగ్గర ఉన్న క్యారీ బ్లాస్ట్ ఫర్నేసులది. 1907 నాటి 6, 7 నంబర్ల ఫర్నేసులు 92 అడుగుల ఎత్తున తుప్పు రంగులో నిలిచి ఉన్నాయి. ఎగువనుంచి ఖనిజం, కోక్, సున్నపురాయి వేసేవారు. దిగువనుంచి కాగిన గాలి ఊదేవారు. అడుగున ఇనుము, దానిమీద తేలే చిట్టెం వేరయ్యేవి. నిప్పులా మెరిసే ద్రవ ఇనుమును గంగాళాల్లాంటి బండ్లలో పోసి, ప్రత్యేకంగా కట్టిన వంతెన మీదుగా ఏటి అవతల ఉన్న హోమ్‌స్టెడ్ కర్మాగారానికి పంపేవారు. మంచి రోజుల్లో ఒక్కో ఫర్నేసు రోజుకు వెయ్యి టన్నులకు పైగా ఇనుము ఇచ్చింది. 1978లో ఇవి చల్లారాయి.

1996లో అమెరికా కాంగ్రెస్ ఈ ప్రాంతాన్ని రివర్స్ ఆఫ్ స్టీల్ పేరుతో జాతీయ వారసత్వ ప్రాంతంగా గుర్తించింది. 2006లో క్యారీ ఫర్నేసులకు జాతీయ చారిత్రక చిహ్నం హోదా దక్కింది. వేసవి, శరత్కాలాల్లో గైడ్లు బృందాలుగా తిప్పుతారు. ఖనిజం దిగిన చోటు నుంచి ఇనుము కారిన చోటు దాకా, పని జరిగిన వరసలోనే నడక సాగుతుంది. ఈ ఆవరణ పాడుబడి ఉన్న రోజుల్లో, 1990ల చివర, కొందరు కళాకారులు అక్కడ దొరికిన గొట్టాలు, తీగలతోనే సుమారు 40 అడుగుల జింకతల బొమ్మ కట్టారు. అనుమతి లేకుండా కట్టిన ఆ బొమ్మ ఇప్పుడు యాత్రలో ఒక మజిలీ.

నది దాటితే హోమ్‌స్టెడ్. 1892 జులై 6న సమ్మె చేస్తున్న కార్మికులకూ, యాజమాన్యం పడవల్లో తెప్పించిన 300 మంది పింకర్టన్ కిరాయి కాపలాదారులకూ ఇక్కడి ఒడ్డున కాల్పులు జరిగాయి. కనీసం పదిమంది చనిపోయారు. కర్మాగారం యజమాని కార్నెగీ అప్పుడు స్కాట్లండ్‌లో ఉన్నాడు. వ్యవహారం నడిపింది అతని సంస్థ అధిపతి హెన్రీ క్లే ఫ్రిక్. రాష్ట్ర సైన్యం దిగాక సమ్మె ఓడిపోయింది. తర్వాత నలభై ఏళ్లకు పైగా ఈ ఉక్కు కర్మాగారాల్లో యూనియన్ తలెత్తలేదు. నాటి పంప్‌హౌస్, కార్మిక సంఘం కార్యాలయంగా వాడిన బోస్ట్ భవనం యాత్రల్లో చూపిస్తారు. 1986లో మూతపడ్డ కర్మాగారం నేలమీద ఇప్పుడు వాటర్‌ఫ్రంట్ అనే షాపింగ్ సముదాయం ఉంది. దాని పక్కన వరసగా పన్నెండు పొగగొట్టాలు మిగిలాయి.

ఉక్కు సొమ్ముతో వెలిసినవి

ఓక్‌లండ్ ప్రాంతంలోని గ్రంథాలయం, సంగ్రహాలయాలు కార్నెగీ ధనంతో 1895 నుంచి వెలిశాయి. అతని డబ్బుతో వెళ్లిన బృందం 1899లో వయోమింగ్‌లో తవ్వితీసిన డైనోసార్‌కు అతని పేరే పెట్టారు: డిప్లోడోకస్ కార్నెగీ. దాని పోతబొమ్మలు లండన్ మొదలుకొని ఎన్నో దేశాల మ్యూజియాలకు చేరాయి; అసలు ఎముకలు ఇక్కడున్నాయి. దగ్గర్లోని ఫిప్స్ కన్జర్వేటరీ 1893లో కార్నెగీ భాగస్వామి హెన్రీ ఫిప్స్ ఊరికిచ్చిన గాజు తోట.

అదే వీధుల్లో 42 అంతస్తుల కెథడ్రల్ ఆఫ్ లెర్నింగ్ పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందినది. నిర్మాణానికి సొమ్ము చాలక, బడిపిల్లలు తలా ఒక డైమ్, అంటే పది సెంట్లు, ఇచ్చి ఒక్కో ఇటుక కొన్నారు. ఇందులోని 31 జాతీయ గదులు వలస సమాజాలు తమ సొంత దేశపు శైలిలో తీర్చిన తరగతి గదులు. 2000లో ప్రారంభమైన భారతీయ గది నలంద విహారపు ముంగిలిని తలపిస్తుంది. కర్మాగారాల పనికి ఎన్ని దేశాల మనుషులు వచ్చారో ఈ గదులు చెబుతాయి. వలస కుటుంబంలో 1928లో పుట్టిన ఆండీ వార్హోల్ పేరిటి మ్యూజియం నది అవతల ఏడంతస్తుల పాత గోదాములో 1994లో తెరుచుకుంది. మాట్రెస్ ఫ్యాక్టరీ అనే కళాకేంద్రం పేరుకు తగ్గట్టు ఒకప్పటి పరుపుల గోదామే.

స్ట్రిప్ వీధుల్లో

ఆలిగేనీ ఒడ్డున పొడుగ్గా సాగిన స్ట్రిప్ డిస్ట్రిక్ట్ మొదట ఫౌండ్రీల వాడ, తర్వాత కూరగాయలు, పండ్ల టోకు బజారు. శనివారం పొద్దున పెన్ అవెన్యూలో చేపలు, చీజు, మసాలాలు, ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ జెర్సీలు పక్కపక్కనే అమ్ముతారు. ఆ జట్టు చిహ్నంలోని మూడు రంగుల నక్షత్రాలూ ఉక్కు పరిశ్రమవే: పసుపు బొగ్గుకు, ఎరుపు ఖనిజానికి, నీలం తుక్కు ఉక్కుకు గుర్తు. 1933 నాటి ప్రిమాంటి బ్రదర్స్ హోటల్లో శాండ్‌విచ్ లోపలే వేయించిన బంగాళాదుంప ముక్కలు, క్యాబేజీ తురుము పెట్టేస్తారు. లారీ డ్రైవర్లు ఒంటిచేత్తో తినడానికి అలా మొదలైందని చెబుతారు. ఉడికించిన పిండిలో బంగాళాదుంప కూరే పియరోగీ తూర్పు ఐరోపా కార్మికుల వంట, శాకాహారులకూ పనికొస్తుంది. 1898 నాటి ఐసు గోదాములో నడుస్తున్న హైంజ్ హిస్టరీ సెంటర్ ఈ వాడ మొదట్లోనే ఉంది.

ఉక్కు చోట రోబోలు, కొండ మీద వెంకన్న

64 అంతస్తుల యు.ఎస్. స్టీల్ టవర్ నెత్తిన ఇప్పుడు యు.పి.ఎం.సి. అనే ఆస్పత్రుల సంస్థ అక్షరాలు వెలుగుతాయి. హేజిల్‌వుడ్‌లో పాత కర్మాగారం మిల్ 19 ఇనుప చట్రాన్ని అలాగే ఉంచి, పైకప్పు మీద సౌరఫలకాలు పరిచి, లోపల కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం రోబో తయారీ పరిశోధనకు చోటిచ్చారు. ఆ విశ్వవిద్యాలయంలో 1979లో పుట్టిన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టర్ చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న శాస్త్రవేత్త ఆయనే.

తెలుగు యాత్రికులకు మరో మజిలీ పెన్ హిల్స్‌లోని శ్రీవేంకటేశ్వర ఆలయం. 1970ల్లో తిరుమల తిరుపతి దేవస్థానం తోడ్పాటుతో కొండవాలు మీద కట్టిన ఈ తెల్లని గుడి, అమెరికాలో ఆగమ సంప్రదాయంలో వెలిసిన తొలి ఆలయాల్లో ఒకటి.

వెళ్లేవారికి

విమానాశ్రయం నుంచి వచ్చే దారి ఫోర్ట్ పిట్ సొరంగం గుండా సాగి ఒక్కసారిగా వంతెన మీదికి తేలుతుంది. ఊరు కళ్లముందు నిలుస్తుంది. నడిబొడ్డున టి అనే తేలికపాటి రైలు ఎక్కడానికి టికెట్ అక్కర్లేదు. క్యారీ ఫర్నేసుల యాత్ర మే నుంచి అక్టోబరు దాకా నడుస్తుంది. ముందుగా బుక్ చేసుకుని, పాదాలు పూర్తిగా కప్పే బూట్లతో వెళ్లాలి. మంచు పడే చలికాలంలో మ్యూజియాలే దిక్కు. ఒకరోజు మిగిలితే సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ జలపాతం మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇంటికి వెళ్లిరావచ్చు. 2019లో అది యునెస్కో జాబితాలో చేరింది. సైకిల్ తొక్కేవారికి పాత రైలు మార్గాల మీద వేసిన 150 మైళ్ల గ్రేట్ ఆలిగేనీ పాసేజ్ ఉంది.

ఇంకా మండుతున్న కొలిమి

కోలుకున్న భాగ్యం అన్ని పట్టణాలకూ దక్కలేదు. అమెరికాలో తొలి కార్నెగీ గ్రంథాలయం 1889లో వెలిసిన బ్రాడక్‌లో 1920లో ఇరవై వేల మంది ఉండేవారు. 2020లో రెండు వేలమందైనా లేరు. అయినా అక్కడి ఎడ్గార్ థామ్సన్ కర్మాగారం ఉక్కు చేస్తూనే ఉంది. దాన్ని చూడటానికి అనువైన చోటు నది ఇవతలి గట్టు మీది కెన్నీవుడ్ వినోద ఉద్యానం. 1898లో ఒక ట్రామ్ కంపెనీ తెరిచిన ఈ పార్కులో 1920 నాటి చెక్క రోలర్‌కోస్టర్ జాక్ రాబిట్ ఇంకా నడుస్తోంది. రైడ్ల మీంచి చూస్తే నదికి అవతల ఆ కర్మాగారం పొగగొట్టాలు కనిపిస్తాయి.