ఇబ్రహీంపట్నము ఎక్కడ నున్నది?

“ఇబ్రహీంపట్నము ఎక్కడ?” అని యడిగినచో నాగార్జునసాగరము బాటలో బస్సెక్కినవారు హైదరాబాదునకు ఆగ్నేయముగా గంట ప్రయాణమని చెప్పుదురు. బెజవాడవారు కృష్ణ యొడ్డున తమ పట్టణమునకు ప్రక్కనే కలదందురు. మెట్‌పల్లివారు జగిత్యాల జిల్లాలో తమ పొరుగు మండలమే యది యందురు. ముగ్గురి మాటయు నిజమే. పేరొకటి, ఊళ్లు మూడు. జిల్లా పేరు జోడించిన సందేహము తీరునందుమా? రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడినది. 2016లో దాని హద్దులు మరల మాఱినవి. మన తాతల కాగితములలోని జిల్లా పేరును మనుమల కాగితములలోని జిల్లా పేరును ఒకటి గావు. పేర్లు మాఱినను మాఱని చిరునామా యేదైన గలదా యను ప్రశ్న పండితులకే గాక, రెండెకరముల పట్టాదారునకును నేడు ముఖ్యమైనదిగా మేము తలచుచున్నాము.

అట్టి చిరునామా మన పూర్వులకు దెలియనిది గాదు. పంచాంగము గుణించువాడు మొట్టమొదట అడుగునది రెండే: ఆ యూరి పలభ యెంత, దేశాంతర మెంత. సమరాత్రిందివమగు దినమున మిట్టమధ్యాహ్నము పండ్రెండంగుళముల శంకువును నిలువబెట్టి దాని నీడను కొలిచినచో వచ్చునది పలభ. మన ఇబ్రహీంపట్నమున నది మూడుముప్పాతిక అంగుళములకు ఇంచుక తక్కువ. దీనినుండియే అక్షాంశము తేలును. ఆ లెక్క పదునేడు డిగ్రీల పైచిల్లరకు వచ్చును. ఇక దేశాంతరము, ఉజ్జయిని మీదుగా బోవు రేఖనుండి మన యూరు తూర్పునకు ఎంత దూరముననున్నదో తెలుపునది. ఉజ్జయినికంటె మనకు సూర్యుడు రమారమి 11, 12 నిమిషములు ముందుగా నడినెత్తికి వచ్చును. ఉజ్జయినికి బదులు గ్రీనిచ్చిని లెక్కకు మొదలుగా బెట్టుకొనుటయే నేటి రేఖాంశము. మొదలు మాఱినది గాని పద్ధతి మాఱలేదు.

భూమి గుండ్రనిదని బడిపిల్లలందఱు వల్లించుచున్నారు. దానిని కన్నులార చూచినవా రెందఱు? ఇందుకు మన ఇబ్రహీంపట్నములే చాలును. మే 8వ తేదీ ప్రాంతమున, మధ్యాహ్నము 12 గంటల 12 నిమిషముల వేళ, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నములో పెద్ద చెరువు కట్టపై నిటారుగా కఱ్ఱ నిలిపినచో దానికి నీడ యుండదు. (ఆగస్టు 4 ప్రాంతమున మరల నిట్లే జరుగును.) అదే దినమున అదే వేళకు జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నములో పండ్రెండంగుళముల కఱ్ఱకు ఉత్తరముగా అంగుళములో మూడవ వంతుకు ఇంచుక మించిన నీడ పడును. భూమి బల్లపరుపైనచో రెండు చోట్లను నీడ యొక్కటిగా నుండవలెను గదా! ఈ రెండూళ్లును దాదాపు ఒకే రేఖాంశముపై నున్నవి. నడిమి దూరము రెండువందల కిలోమీటర్లకు ఇంచుక తక్కువ. నీడ చూపిన కోణము సుమారు ఒకటిముప్పాతిక డిగ్రీ. ఒకటిముప్పాతిక డిగ్రీకి ఇంత దూరమైన 360 డిగ్రీలకెంత యని త్రైరాశికము వేసిన నలుబదివేల కిలోమీటర్లకు సమీపముగా వచ్చును. రెండు వేల రెండువందల యేండ్ల క్రిందట ఈజిప్టులో ఎరటోస్తనీసు చేసిన లెక్క యిదియే. రెండు బడుల ఉపాధ్యాయులు ఫోనులో మాటలాడుకొని రెండు కఱ్ఱలు పాతిన, ఒక్క పైస ఖర్చు లేకుండ భూగోళమును కొలువవచ్చును. ఏ బడిలోనైన నీ ప్రయోగము చేయించిరేని మాకు వ్రాయ కోరుచున్నాము.

అయితే గోళము సరియైన గోళము గాదు. భూమధ్యరేఖ చెంత వ్యాసార్ధము 6378 కిలోమీటర్లు, ధ్రువముల చెంత 6357. ఈ ఇరువదియొక్క కిలోమీటర్ల లోటును తేల్చిన మహాకార్యములో తెలంగాణపు నేలకు భాగము గలదు. విలియం లాంబ్టను 1802లో మదరాసున సెయింటు థామస్ మౌంటు వద్ద మొదటి ఆధారరేఖను గొలుసుతో కొలిచెను. ఒక భుజమును నేలపై కొలిచి, దాని కొనలనుండి దూరపు కొండమీది గుఱుతునకు కోణములు చూచినచో, తక్కిన రెండు భుజములు లెక్కలో వచ్చును. ఆ భుజముపై మఱియొక త్రిభుజము, దానిపై మఱియొకటి. ఇట్లు కన్యాకుమారినుండి హిమాలయముల వఱకు త్రిభుజముల తోరణము కట్టిరి. మన యూరికి రమారమి ఒక డిగ్రీ పడమరగా ఆ తోరణము సాగిపోయినది. 1815లో బీదరు సమీపమున మఱియొక ఆధారరేఖను కొలిచి మదరాసునుండి వచ్చిన లెక్కను సరిచూచిరి. ఉత్తరమునకు బోయినకొలది ఒక్కొక్క డిగ్రీ పొడవు పెరుగుచుండుట కాననైనది. ధ్రువములకడ భూమి నొక్కుకొనిపోయినదనుట కిది సాక్ష్యము.

ఈ పనికై 1818 చివర జార్జి ఎవరెస్టు హైదరాబాదునకు వచ్చి లాంబ్టనునకు సహాయకుడయ్యెను. మఱుసటి యేడు కృష్ణాగోదావరుల నడిమి ప్రాంతమును కొలువ బయలుదేఱి ఎల్లాపురము అడవులలో జ్వరమువాత బడెను. ఆయన వెంటనున్న జనమంతయు మంచముపట్టిరి. పలువురు మరల లేవలేదు. ఎవరెస్టు 1820లో ఆరోగ్యమునకై దక్షిణాఫ్రికా తీరమునకు బోయి కోలుకొని వచ్చెను. ఆయన పేర లోకములో నెల్ల నెత్తైన శిఖరము వెలసినది. గొలుసు లాగినవారును, కొండలపై జెండాలు పాతినవారును, అర్ధరాత్రివేళ దీపములు వెలిగించి నిలిచినవారును, ఆ జ్వరమునకే బలియైనవారును పేరులేక పోయిరి. ఈ సందర్భమున ఏలూరివాడైన కావలి వెంకట బొఱ్ఱయ్యను స్మరింపకుండుట న్యాయము గాదు. నైజాము సీమలలో సర్వే చేసి, 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలైన కాలిన్ మెకంజీకి బొఱ్ఱయ్య దారిచూపినవాడు. 1803లో ఆయన అకాలమరణము పొందగా తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. పటము గీయవలెనన్న నేలను కొలిచిన చాలదు, ఊరివారిని అడుగవలెనని మెకంజీ యెఱుంగును. అడుగుటకు తెలుగువాడే కావలసివచ్చెను.

రేఖాంశము సంగతి యింతకంటె చిక్కు. అక్షాంశమును నీడ చెప్పును, నక్షత్రము చెప్పును. రేఖాంశమును గడియారము మాత్రమే చెప్పును. ఒక డిగ్రీకి నాలుగు నిమిషములు. మన దేశపు గడియారములు కాకినాడ సమీపముగా బోవు 82½ డిగ్రీల రేఖ ననుసరించి నడచుచున్నవి గనుక ఇబ్రహీంపట్నములో నిజమైన మధ్యాహ్నము సగటున పావుగంట ఆలస్యముగా వచ్చును. మదరాసు నక్షత్రశాల రేఖాంశమునే ఆధారముగా జేసికొని భారతదేశపు పటములన్నియు గీసిరి. తరువాత తంతిమార్గమున గడియారములను సరిపోల్చి చూడగా ఆ యంకె రెండున్నర నిమిషముల మేర హెచ్చుగా నుండెనని తేలినది. రెండున్నర నిమిషములనగా కోణపు నిమిషములు. అది మన తావున నాలుగు కిలోమీటర్లకు పైగా! పటము అచ్చుబడినంత మాత్రమున అది వేదవాక్యము గాదని మేము చెప్పుట కిదియే కారణము.

మన తాలూకాలోనే యొక స్థలమున స్థాననిర్ణయము అతిసూక్ష్మముగా జరిగినది. మంచాల మండలములో జాపాల్–రంగాపూర్ వద్ద ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1968లో 48 అంగుళముల దూరదర్శినితో నక్షత్రశాలను నెలకొల్పిరి. బేగంపేటలోని నిజామియా నక్షత్రశాలకు పట్టణపు దీపకాంతి అడ్డమగుటయే దీనికి హేతువు. రంగాపూర్ 17 డిగ్రీల 6 నిమిషముల ఉత్తర అక్షాంశమునకును, 78 డిగ్రీల 44 నిమిషముల తూర్పు రేఖాంశమునకును చేరువన గలదు. 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణపు ఛాయ దీని మీదుగానే పోయినది. ఆ నాడు పెక్కుమంది తలుపులు మూసికొని యింటనుండగా రంగాపూరులో శాస్త్రజ్ఞులు పట్టపగటి చీకటిని కొలిచిరి. ఛాయ యెచటబడునో చెప్పగలుగుటకు సూర్యచంద్రుల గతి తెలిసిన చాలదు, మన నేల యే యంకెపై నున్నదో తెలియవలెను.

ఇక పట్టాదారుల మాటకు వత్తము. పాత దస్తావేజులలో నలుదిక్కుల హద్దులు వ్రాయుట మన యాచారము: తూర్పున ఫలానివారి చేను, పడమర బండ్లబాట, దక్షిణమున వేపచెట్టు. వేపచెట్టు కూలినది, బండ్లబాట రియలెస్టేటు ప్లాట్లలో గలిసినది, ఫలానివారు చేను అమ్ముకొని వెడలిరి. పాత టిప్పన్ చినిగినది. గెట్టుల తగాదాలు మాత్రము మిగిలినవి. 2020లో ధరణి వచ్చినది; 2025లో దాని స్థానమున భూభారతి చట్టము వచ్చి, ప్రతి కమతమునకు భూధార్ సంఖ్యయు, కొలతలతో గూడిన పటమును ఉండవలెనని తలపెట్టినది. తలంపు మంచిదే. ఆకాశమునుండి ఉపగ్రహములు చెప్పు అక్షాంశ రేఖాంశములు వేపచెట్టువలె కూలవు. కాని ఆ యంకెలను చదువనేర్వని రైతునకు అవి పాత పారసీ దస్తావేజుకంటె మేలుగా నుండునా?

లెక్క చూడుడు. మన తావున అక్షాంశపు ఒక సెకను రమారమి 31 మీటర్లు. రేఖాంశపు ఒక సెకను 29½ మీటర్లు. కావున సెకనులవఱకు మాత్రమే వ్రాసిన యంకె తొమ్మిది గుంటల నేలలో ఎచటనైన నుండవచ్చును! చేతిఫోను బయలునందు చూపు స్థానములో అయిదు మీటర్ల తప్పు సహజము. చదరపు ఎకరము ఒక ప్రక్క 64 మీటర్లు. ఆ ప్రక్క అయిదు మీటర్లు జరిగినచో మూడు గుంటలకు పైగా పొరుగువానికి పోయినట్లే. ఫోను చూపి గెట్టు జరుపవచ్చువారిని నమ్మవలదని మా మనవి. స్థిరకేంద్రముల సహాయముతో సర్వేయరు తెచ్చు పెద్ద యంత్రము మాత్రము రెండుమూడు సెంటిమీటర్లవఱకు చెప్పగలదు.

మఱియొక మర్మము గలదు. పాత సర్వే పటములు ఎవరెస్టు 1830లో నిర్ణయించిన భూమి యాకారము ననుసరించి గీయబడినవి. ఉపగ్రహములు వేఱొక యాకారమును అనుసరించును. ఒకే హద్దురాయికి ఈ రెంటిలో వచ్చు స్థానములకు నూఱు మీటర్లకు మించిన భేదము మన ప్రాంతమున గలదు. రాయి కదలలేదు, లెక్కయే కదలినది. ఇది చాలదన్నట్లు మన భూఖండమే యేడాదికి రమారమి అయిదు సెంటిమీటర్లు ఈశాన్యముగా సాగుచున్నది. ఇరువదియేండ్లకు అది మీటరు. ఊరంతయు కలిసి సాగును గనుక పొరుగుల నడుమ గెట్టు చెడదు. కాని నేటి యంకెను 2045లో కొత్త యంత్రముతో సరిచూచువాడు, ఆ నడుమ సాగిన మీటరును లెక్కలో బెట్టకున్న, హద్దు జరిగినదని పొరబడును.

కాన మేము కోరునవి పెద్ద కోర్కెలు గావు. పట్టాపుస్తకములోని పటముపై ఏ యాకారము ననుసరించి కొలిచిరో, ఏ సంవత్సరమున కొలిచిరో రెండు ముక్కలు తెలుగున అచ్చువేయవలెను. పాత హద్దురాళ్లు నిలిచియున్న చోట వాటిని పెకలింపక ముందుగా వాటి స్థానమును కొలిచి వ్రాయవలెను. ఇరుగుపొరుగు రైతులను నిలువబెట్టి వారి యెదుటనే యంకెలు పైకి చదువవలెను. ఉప్పలులో సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణాలయము ఎన్నియో యేండ్లుగా నున్నది. ఇబ్రహీంపట్నమునకు అక్కడినుండి దూరమెంత? చెరువు క్రింది ఆయకట్టులో ఒక గ్రామమును గైకొని, అచటి రైతుకుఱ్ఱవారికి ఈ యంకెలను చదువనేర్పుటతో నారంభింపవచ్చును.