టీవీ ముందు కబుర్లు ఎటు పోయాయి?

"అమ్మా, అవి సబ్‌టైటిల్స్ కాదే!" అని నవ్వింది మా అమ్మాయి.

పదో తరగతి పరీక్షలు రాసేసి ఖాళీగా ఉంది కదా, పొద్దస్తమానం ఫోనే. ఆ రోజు ఏదో చైనా సీరియల్ చూస్తోంది. రాజుగారి కోట, తలనిండా పువ్వులు పెట్టుకున్న రాణులు, వాళ్ల ముందు తల వంచుకుని నిలబడ్డ దాసీలు... నాకూ చూడబుద్ధేసి పక్కన కూచున్నాను. కానీ ఆ రాణిగారి మొహం మీంచి కుడివైపు నుంచి ఎడమవైపుకి చీమలబారులా అక్షరాలు పోతున్నాయి. ఒక వరుస కాదు, ఐదారు వరుసలు. ఇలా పెడితే బొమ్మ ఎలా కనపడుతుందీ అని నా అనుమానం.

"మరేంటే అవి?"

"చూసేవాళ్లు రాసే మాటలమ్మా. ఈ సీన్ చూస్తున్నప్పుడు ఎవరికి ఏమనిపిస్తే అది రాస్తారు. అది తెరమీదే అలా పోతుంది. ఆ దేశంలో చాలామంది ఇలాగే చూస్తారట."

వరండాలో చింతపండు పిక్కలు తీస్తున్న మా అత్తయ్య అక్కణ్ణించే అందుకుంది. "ఏటే, బొమ్మ సూస్తా కబుర్లు సెప్పుకుంటన్నారేటి ఆలు? మనమూ అదే కదా సేసేవోలం!"

నిజమే సుమా! ఆ మాట నన్ను ఎక్కడికో తీసుకుపోయింది.

నా పుట్టిల్లూ అత్తిల్లూ కూడా చీపురుపల్లే. మా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి రంగుల టీవీ ఒక్క ఇంట్లోనే ఉండేది. ఆ ఇంటాయనకి రైల్వేలో ఉద్యోగం. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు ఆదివారం పొద్దున్నే ఆ ఇంటి గుమ్మం ముందు చెప్పులు వీధి దాకా ఉండేవని, టీవీకి పసుపు కుంకుమ పెట్టి హారతి ఇచ్చేవారని మా అత్తయ్య చెబుతుంది. నేను అప్పటికి ఉయ్యాల్లో పిల్లని. నాకు గుర్తున్నదల్లా ఆ తర్వాతి కాలం. 1995 ఆగస్టులో ఈటీవీ వచ్చింది, మా వీధిలోకి కేబుల్ వైరు వచ్చింది, దాంతోపాటు రోజూ వచ్చే సీరియళ్లూ వచ్చాయి.

ఆడవాళ్లెవరూ ఉత్త చేతుల్తో వచ్చేవారు కాదు. ఒకరు చేటలో బియ్యం తెచ్చుకుని రాళ్లేరుకుంటారు, ఇంకొకరు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తారు, మరొకరు పిల్లకి పేలు చూస్తారు. కళ్లు టీవీ మీద, చేతులు పనిమీద, నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"ఓలమ్మా! దాని మాట నమ్మకే, నీ కొంప ముంచీస్తాది!"

"ఈడేటి మొగోడు, అమ్మ కొంగట్టుకు తిరుగుతాడు!"

"కొంచెం నోర్లు ముయ్యండర్రా, ఒక్క ముక్క ఇనబడ్డం నేదు!"

ఆ చివరి మాట అన్నావిడే రెండో నిమిషంలో అందరికన్నా గట్టిగా అరిచేది. టీవీలో వాళ్లు ఏ భాష మాట్లాడినా, మా వాళ్లు దాన్ని మా యాసలోకి దించుకుని, మా వీధి తగవుల్లో కలిపేసుకునేవారు. టీవీలో అత్తని తిడుతున్నట్టే ఉంటుంది, పక్కన కూచున్న అత్తకి తగలాల్సింది తగులుతుంది!

ఒక సాయంత్రం

ఇదంతా కాలక్షేపమే కదా అనిపించవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని, ఆ ఒక్క సాయంత్రం చూసేదాకా.

2008లో హిందీలో మొదలైన 'బాలికా వధు' కొన్నాళ్లకి 'చిన్నారి పెళ్లికూతురు'గా తెలుగు మాటలతో మాటీవీలో వచ్చింది. అప్పటికి నాకు పెళ్లయి ఎంతో కాలం కాలేదు. చాలా ఇళ్లలో టీవీలున్నా అలవాటు కొద్దీ ఓ ఏడెనిమిది మందిమి మా ఇంట్లోనే చేరేవాళ్లం. అందులో ఒక పిన్ని. చాలా నెమ్మదస్తురాలు. వచ్చి గోడకి జారబడి కూచునేది, సీరియల్ అవగానే లేచి వెళ్లిపోయేది. ఇంటి సంగతులు ఏమడిగినా "ఏటున్నాదమ్మా" అని ఊరుకునేది.

ఆ రోజు టీవీలో చిన్నపిల్ల ఆనందిని అత్తారింటికి పంపిస్తున్నారు. అందరం ముక్కులు తుడుచుకుంటున్నాం. పిన్ని ఉన్నట్టుండి టీవీతో మాట్లాడినట్టుగా అంది. "నాకూ పదమూడో ఏటే సేసీసినారు. ఇప్పుడు మా గుంటకీ సంబంధం ఒచ్చీసినాది. మాగమాసం అంటన్నారు."

చేతుల్లో పనులు ఆగిపోయాయి. ఆ పిల్ల అప్పటికి తొమ్మిదో తరగతి. తర్వాత సీరియల్లో ఏం జరిగిందో మాలో ఒక్కరికీ తెలీదు!

మాలో ఒకావిడ అంగన్‌వాడీలో పనిచేసేది. బాల్య వివాహాల నిషేధ చట్టం 2006లో చేశారు, 2007 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది, పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేస్తే చేసినవాళ్లకి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంటుందని ఆవిడే చెప్పింది. మర్నాటి నుంచి మా అత్తయ్య, ఆ అంగన్‌వాడీ ఆవిడ, ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు వరసగా నాలుగు రోజులు ఆ ఇంటికి వెళ్లారు. ఆ పిల్ల తండ్రి మొదట కసిరాడు, తర్వాత తప్పించుకు తిరిగాడు, చివరికి "పదయ్యేక సూద్దాం" అన్నాడు. పది అయింది, ఇంటర్ కూడా అయింది. పంతొమ్మిదో ఏట పెళ్లి చేశారు.

అంతా శుభంగా ముగిసిందని చెప్పను. "ఆ టీవీ కొంపకెల్తే కాళ్లిరగ్గొడతాను" అన్నాట్ట మొగుడు. పిన్ని మా ఇంటికి రావడం ఆర్నెల్లు మానేసింది. ఆ ఆర్నెల్లూ మా అత్తయ్య తనలో తను గొణుక్కునేది, మనం మంచి చేశామా చెడు చేశామా అని.

ఇప్పటికీ నాకు ఒక సంగతి తడుతూ ఉంటుంది. ఆ మాట పిన్ని మాతో చెప్పలేదు, ఆనందితో చెప్పింది. మేం విన్నాం, అంతే. వంటింట్లో కూచోబెట్టి అడిగితే చచ్చినా చెప్పేది కాదు.

అక్కడ కూడా ఇంతే

అక్షరాల చీమలబారు చూశాక చైనా ఆడవాళ్లు ఏం చూస్తారో, ఎలా చూస్తారో తెలుసుకోవాలనిపించింది. చదివిన కొద్దీ మా వీధి కనిపించింది!

1990లో అక్కడ 'కెవాంగ్' అని యాభై భాగాల సీరియల్ వచ్చింది. తీరని కోరిక అని అర్థం చెప్పుకోవచ్చు. కథానాయిక లియు హుయిఫాంగ్ ఫ్యాక్టరీ కార్మికురాలు. చదువుకున్న ఇంటి అబ్బాయిని పెళ్లాడుతుంది, దిక్కులేని పసిపాపని తెచ్చి పెంచుతుంది, అందరి చేతా మాటలు పడుతుంది, సంసారం చెడిపోతుంది, చివరికి ప్రమాదం జరిగి మంచాన కూడా పడుతుంది. తీరా చూస్తే ఆ పాప స్వయానా ఆడపడుచు బిడ్డే! అది వచ్చే వేళకి వీధులు ఖాళీ అయిపోయేవట, మనకి రామాయణానికి అయినట్టు. మర్నాడు ఫ్యాక్టరీల్లో, కూరగాయల దుకాణాల దగ్గర అదే చర్చ. ఆడది ఇంత మంచిగా ఉండాలా, ఇంత ఓర్చుకోవాలా? ఇదే ప్రశ్న మన వాళ్లు వంటలక్క గురించి అడగలేదూ? 2017లో మొదలై 2023 దాకా సాగిన 'కార్తీక దీపం'లో మొగుడు అనుమానించిన దీపని చూసి మా వీధిలో సగం మంది కన్నీళ్లు పెట్టుకున్నారు, సగం మంది "అలాటోడి కోసం ఏడుపేటి, ఒగ్గీక!" అని విసుక్కున్నారు.

మా అమ్మాయి చూస్తున్నది 2018లో వచ్చిన 'యాన్‌షీ పేలెస్' కథ. డెబ్భై భాగాలు. అక్క చావుకి కారణం ఎవరో తెలుసుకోవడానికి రాజకోటలో కుట్టుపని దాసీగా చేరుతుంది యింగ్‌లువో. ఈమె హుయిఫాంగ్ లాగా ఓర్చుకునే రకం కాదు. ఒకటి అంటే రెండు అంటుంది, ఒకటి కొడితే రెండు కొడుతుంది. ఒక్క కంపెనీ యాప్‌లోనే వెయ్యిన్నర కోట్ల సార్లు చూశారట! 2019 మొదట్లో అక్కడి ప్రభుత్వ పత్రిక ఒకటి, ఇలాంటి కోట కథలు జనాన్ని ఆడంబరాలకీ కుట్రలకీ అలవాటు చేస్తున్నాయని మండిపడింది. దాంతో కొన్ని చానళ్లు వేస్తున్నది ఆపేశాయి. ముప్ఫై ఏళ్లలో అక్కడి ఆడవాళ్లు ఓర్పుగల కోడల్ని వదిలి ఎదురు తిరిగే దాసీ దగ్గరికి వచ్చారన్నమాట. మన సీరియళ్లలో కోడళ్లు ఇంకా ఓర్చుకుంటూనే ఉన్నారనుకోండి, అది వేరే గొడవ.

ఇక ఆ తెరమీది అక్షరాలు. వాటిని 'దాన్‌మూ' అంటారు, తూటాల తెర అని అర్థం. అంత జోరుగా దూసుకుపోతాయని ఆ పేరు. 2006లో జపాన్‌లో ఒక వెబ్‌సైట్ మొదలుపెట్టింది. చైనాలో 2009లో వచ్చిన 'బిలిబిలి' దాన్ని ఇంటింటి అలవాటు చేసింది. మొదట్లో బొమ్మల కథలు చూసే కుర్రకారు ఆట అది, తర్వాత సీరియళ్లు చూపించే పెద్ద కంపెనీలన్నీ పెట్టుకున్నాయి. బిలిబిలిలో పూర్తి సభ్యత్వం కావాలంటే వంద ప్రశ్నల పరీక్ష రాయాలట! కబుర్లు చెప్పుకోడానికి పరీక్షేంటో! 2014లో కొన్ని సినిమా హాళ్లలో కూడా ప్రయత్నించారు, ప్రేక్షకులు ఫోన్లోంచి పంపిన మాటలు తెరమీద వచ్చేటట్టు. మన హాళ్లలో ఈలలేసి, కాగితాలు విసిరేవాళ్లకి ఆ అవసరమే లేదు కదా.

అందులో చమత్కారం ఏమిటంటే, రాసిన మాట ఆ క్షణానికే అతుక్కుని ఉంటుంది. రెండేళ్ల కిందట ఎవరో అర్ధరాత్రి ఒంటరిగా ఏడుస్తూ రాసిన మాట, ఇవాళ మీరు అదే చోటికి వచ్చేసరికి మీ ముందు నుంచి పోతుంది. మీ పక్కన కూచుని ఇప్పుడే అన్నట్టుంటుంది. ముందు భయపెట్టే ఘట్టం వస్తోందంటే ముందే హెచ్చరిస్తారు. చెడ్డవాడు రాగానే అందరూ ఒక్కసారి విరుచుకుపడతారు, పాపం బొమ్మ కనపడదు. వద్దనుకున్నవాళ్లు ఆపేసుకోవచ్చు.

ఎందుకింత ఇష్టం? నాకు తోచింది చెబుతాను. ఆ దేశంలో మూడున్నర దశాబ్దాలు ఒకే బిడ్డ నియమం నడిచింది, 2015 ఆఖరున గానీ ఎత్తెయ్యలేదు. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు లేకుండా పెరిగిన తరం. ఊళ్లు వదిలి పట్నాలకి పనికి పోయి, అద్దె గదుల్లో ఒక్కళ్లూ గిన్నెలో నూడుల్స్ పెట్టుకుని ఫోన్ చూసేవాళ్లు ఎందరో. పక్కన కూచుని "ఓలమ్మా!" అనే మనిషి లేదు. అందుకే ఆ మనిషిని తెరమీదకే తెచ్చుకున్నారు. అయితే అక్కడ మాటకి కాపలా ఎక్కువ. 2017 నుంచి చట్ట ప్రకారం అసలు పేరు, ఫోన్ నంబరు ముడిపడకుండా ఎవరూ ఏమీ రాయడానికి వీల్లేదు.

అన్నట్టు, ఆ దేశం వాళ్లదే ఇంకో సరుకు మన ఊళ్లకీ వచ్చింది కదా, టిక్‌టాక్! ఎప్పుడూ సినిమాల్లో పనిమనిషి చేతా, హాస్యగాడి చేతా మాత్రమే పలికించే మా యాసని, మా ఆడవాళ్లు దర్జాగా తమ నోటితో పలికి చూపించారు. టీవీ ముందు చేట పట్టుకుని చెప్పిన కబుర్లే కాస్త పౌడరు రాసుకుని బయటికొచ్చాయి. 2020 జూన్ 15న గల్వాన్‌లో మన సైనికులు ఇరవై మంది చనిపోయారు, అందులో సూర్యాపేటకి చెందిన కల్నల్ సంతోష్ బాబు కూడా ఉన్నారు. జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి యాభై తొమ్మిది చైనా యాప్‌లు నిషేధించింది. కారణం కాదనలేం. కానీ మా వీధి చివర, రోజూ పశువులకి గడ్డి వేసొచ్చి ఫోన్ ముందు నిలబడే ఒక కోడలు పిల్ల మాత్రం, చుట్టం పోయినట్టు రెండు రోజులు అన్నం తినలేదు. తర్వాత వేరే వాటిలోకి వెళ్లింది గానీ, "అక్కడ నన్నెరిగినోలు ఇక్కడ నేరొదినా" అంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో

నలుగురం, నాలుగు ఫోన్లు, ఒక టీవీ. టీవీ దాని మానాన అది నడుస్తూనే ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో అందరం కలిసి కూచుని చూశాం, అదే ఆఖరు. వీధిలో ఆడవాళ్లు సీరియళ్లు మానేశారా అంటే లేదు, ఎవరి ఫోన్లో వాళ్లు, ఎవరికి కుదిరిన వేళకి వాళ్లు, చెవుల్లో పెట్టుకుని చూస్తున్నారు. ఒకరు నూరో భాగంలో ఉంటే ఇంకొకరు నూట పదిలో. కలిస్తే కథ చెప్పుకోడానిక్కూడా వీల్లేదు, "సెప్పీకమ్మా, నానింకా సూడ్నేదు" అంటారు. ఈ మధ్య ఒకావిడ భర్తతో పడలేక పుట్టింటికి వెళ్లిపోయిందని మాకు రెండు నెలల తర్వాత తెలిసింది. గోడకవతల ఇల్లు! ఆవిడా ఆ రెండు నెలల ముందు ఏదో చూస్తూ ఏదో అనే ఉంటుంది. వినడానికి ఎవరూ లేరు.

పిన్ని ఇప్పటికీ మా ఇంటికి వస్తుంది. ఆ రోజూ వచ్చింది. నేనిలా ఆలోచిస్తుంటే మా అమ్మాయి తెరని ఫొటో తీసి, ఫోన్లోనే తర్జుమా చేసి ఆ చైనా మాటలు చదవడం మొదలుపెట్టింది. అత్తయ్య చింతపండు గిన్నె ఎత్తుకుని లోపలికి వచ్చేసింది. పిన్ని గోడకి జారబడింది. కథ మొదట్నించీ చెప్పించుకున్నారు.

"అక్కని సంపినోలింట్లోనే దాసీగా సేరిందా! గుంట గట్టిది" అంది అత్తయ్య. "అదిగో, ఆ ఎర్రకోక రాణిని నమ్మకే, పైకి నవ్వుతాది గానీ..."

"నాన్నమ్మా, అచ్చం అదే రాశారు ఇక్కడ ఎవరో!" మా అమ్మాయికి నవ్వాగలేదు. "నీ మాట కూడా రాసేద్దామంటే కుదరదే, అక్కడ ఫోన్ నంబరుండాలి."

"మనకెందుకే నంబరు, మనం ఇక్కడున్నాం కదా" అంది పిన్ని. "ఇంకా ఏటన్నారో సదువు."