దవడ దిద్దితే సరిపోతుందా?

సూరత్‌లోని లింబాయత్‌లో తెలుగు వినబడటం వింతేమీ కాదు. మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ వారి పిల్లలకు తెలుగు మాధ్యమం బడులు కూడా పెట్టింది. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చిన అమ్మాయికి అక్కడా పెళ్లిచూపులే గండం. ఆపరేషన్ మాటెత్తితే 'అందం కోసం ఎముక కోయించుకుంటారా?' అని ఇంట్లోనే ఆక్షేపణ. ఆ అడగడమే తప్పు. పైపళ్లు, కిందిపళ్లు కలవనివారికి నమలడం, స్పష్టంగా పలకడం కూడా కష్టమే.

నోటి లోపలి నుంచే దవడను చీల్చి జరిపే పద్ధతిని ఒబ్వెగెసర్, ట్రౌనర్ 1957లో ప్రపంచానికి తెలిపారు. ముఖంపై గాటు బెడద అలా తప్పింది. ఇంతకీ రోగి సుఖపడ్డాడా? అది తేల్చడానికి లండన్‌లో సుసాన్ కన్నింగ్‌హామ్ బృందం 2000లో 22 ప్రశ్నల కొలమానం రూపొందించింది. తిండి, ముఖం తీరు, నలుగురిలో మెలగడం, లోపం గురించిన దిగులు అన్నీ అందులో ఉన్నాయి. చికిత్స తర్వాత ఇబ్బందులు తగ్గుతున్నాయనే పలు దేశాల్లోని అధ్యయనాలు చెబుతున్నాయి.

అయితే, వెంటనే కాదు. ముందు నెలల తరబడి పళ్లకు తీగలు. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు జావే గతి, నోటికి రబ్బరు బ్యాండ్లు. మగ్గాల హోరులో అరిస్తేగాని మాట వినబడదు. నేసిన మీటర్ల లెక్కన కూలి తీసుకునేవారికి ఆ వారాలు మరీ భారం. కింది పెదవి తిమ్మిరి కొందరికి ఎప్పటికీ పోదు. సర్జన్ ఆ సంగతి ముందే చెప్పాలి. లేదంటే అద్దంలో ముఖం ముచ్చటగా ఉన్నా, పెదవికి చాయ్ వేడి తెలియని మనిషి మోసపోయాననే అనుకుంటాడు.