మూడో గడప దాకా పరుగు

రండర్రా, ఇలా అరుగు మీదకి రండి. చాప పరిచాను, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు గిన్నె నిండా ఉన్నాయి. తొక్కలు మాత్రం ఆ చేటలో వెయ్యండి, వాకిలంతా చల్లారంటే నానమ్మ ఊరుకోదు. ఈ కాయలు ఒలుస్తుంటే నాకు డెన్వర్ గుర్తొస్తోంది. మీ అత్తయ్య వాళ్ళింటికి అమెరికా వెళ్ళినప్పుడు బావ నన్ను బేస్‌బాల్ ఆటకి తీసుకెళ్ళాడు. అక్కడి జనం కూడా ఇలాగే ఒళ్ళో పొట్లం పెట్టుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఆట చూస్తారు!

ఆట సంగతి చెప్తాను, వినండి. నలుపలకల ముగ్గు మూలల్లో చుక్కలు పెట్టినట్టు మైదానంలో నాలుగు బేసులుంటాయి. వాటిని నాలుగు గడపలనుకోండి. గడపకీ గడపకీ మధ్య 90 అడుగులు. బంతిని కొట్టినవాడు బ్యాటు అక్కడే పడేసి పరుగందుకుంటాడు. మొదటి గడప తొక్కితే సింగిల్, రెండోది చేరితే డబుల్, మూడోదాకా పోతే ట్రిపుల్. బంతి గోడ దాటి అవతల పడిందా, అది హోమ్ రన్. ఇక తొందరేమీ లేదు, పెళ్ళికొడుకులా నింపాదిగా నాలుగూ చుట్టి రావచ్చు.

వీటన్నిట్లోకీ నాకు నచ్చింది ట్రిపుల్. ఆ రోజు ఒక కుర్రాడు కొట్టిన బంతి ఇద్దరు ఫీల్డర్ల మధ్య నుంచి దూసుకుపోయి, గోడకి తగిలి, మూలకి దొర్లింది. వాడు రెండో గడప దగ్గర ఆగలేదు. టోపీ ఎగిరి వెనకాల పడిపోయింది. నలభై వేలమంది ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వాడు బోర్లా పడి జారుతూ మూడో గడపని వేళ్ళతో తాకాడు, ఆ వెంటనే బంతి వచ్చి గ్లవ్‌లో పడింది. దుమ్ము తేరిపోయాక చూస్తే వాడు నవ్వుతున్నాడు. అప్పుడు బావ అన్నాడు, “తాతయ్యా, ఇది ఇప్పుడు చాలా అరుదు. వందేళ్ళ కిందట బోలెడన్ని కొట్టేవాళ్ళట. అప్పటివాళ్ళకి కాళ్ళలో బలం ఎక్కువా?”

ఆ ప్రశ్న నన్ను వదల్లేదర్రా. ఇంటికొచ్చాక లెక్కలు తిరగేశాం. వందేళ్ళ కిందట రెండు జట్లూ కలిసి ఆటకి సుమారు ఒక ట్రిపుల్ కొట్టేవి. ఇప్పుడు మూడు నాలుగు ఆటలు చూస్తేగానీ ఒకటి కనబడదు. ఆ కాలంలో శామ్ క్రాఫర్డ్ అని ఒకాయన ఉండేవాడు. నెబ్రాస్కాలో వాహూ అనే చిన్న ఊరు ఆయనది. మంగలి పని నేర్చుకుంటూ, తోటి కుర్రాళ్ళతో గుర్రబ్బండెక్కి ఊరూరా తిరిగి ఆడిన మనిషి. తరవాత పెద్ద జట్లలో చేరి 1917 దాకా ఆడి 309 ట్రిపుల్స్ కొట్టాడు. ఈ శతాబ్దంలో ఆట మొదలుపెట్టిన వాళ్ళలో అందులో సగానికి చేరినవాడు కూడా ఇంతవరకూ లేడు.

మరి కాళ్ళలో బలం తగ్గిందా? ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. మూడో గడపకి 270 అడుగులు. బాగా పరిగెత్తేవాడికి సుమారు పదకొండు సెకన్లు పడుతుంది. అమ్మలూ, పదకొండు దాకా లెక్కపెట్టు చూద్దాం... అంతే, అంతలో అయిపోవాలి! మనిషి ఎంత వేగంగా పరిగెత్తినా, విసిరిన బంతి వాడికంటే మూడు నాలుగు రెట్లు వేగంగా పోతుంది. అంటే బంతి ఫీల్డర్ చేతికి చిక్కిందంటే ఇక పరిగెత్తేవాడి పని అయిపోయినట్టే. మరి వాడు గెలిచేది ఎప్పుడు? బంతి ఇంకా ఎవరి చేతికీ దొరక్కుండా గడ్డిలో దొర్లుతున్నంతసేపే. తాడు తెంచుకున్న దూడ ఎంతసేపు దొరక్కపోతే మనకి అంత పరుగు కదా! ఇక్కడా అంతే. ట్రిపుల్ ప్రాణమంతా ఆ దొర్లుడులో ఉంది.

ఇది పట్టుకుంటే మిగతా ముడులన్నీ వాటంతటవే విడిపోతాయి. పూర్వం మైదానాలు ఖళ్ళం దొడ్లలా విశాలంగా ఉండేవి. పిట్స్‌బర్గ్‌లో 1909లో కట్టిన ఫోర్బ్స్ ఫీల్డ్‌లో లోతైన మూల 450 అడుగులు దాటి ఉండేది. ఎంత దూరమంటే, బ్యాటింగ్ సాధనకి వాడే పెద్ద బోనుని ఆట జరుగుతుండగానే ఆ మూల పెట్టి ఉంచేవారు. అక్కడిదాకా బంతి వచ్చేది తక్కువే మరి! 1912లో ఆ పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాడు చీఫ్ విల్సన్ ఒక్క ఏడాదిలో 36 ట్రిపుల్స్ కొట్టాడు. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. ఆ 36లో 24 సొంత మైదానంలోనే కొట్టాడు. మిగతా ఏ ఏడాదీ ఆయన పదిహేను కూడా కొట్టలేదు. చూశారా, పంటలో సగం పాలు నేలది!

ఆ రోజుల్లో బంతి సంగతి కూడా వినండి. ఒకే బంతితో ఆట చాలాసేపు సాగేది. దెబ్బలు తిని తిని మెత్తబడి, మట్టీ ఉమ్మీ పట్టి నల్లబడేది. చారులో నానిన గారెని విసిరితే ఎంత దూరం పోతుంది? ఎటూ దూరం పోదు కదా అని ఫీల్డర్లు బాగా ముందుకొచ్చి నిలబడేవారు. ఎప్పుడో ఒకటి వాళ్ళ తలల మీదుగా పోతే ఇక ఆ వెనకున్న పొలమంతా దానిదే. చేతులకున్న గ్లవ్‌లు కూడా చిన్నవి. వేళ్ళకీ బొటనవేలికీ మధ్య తోలు అల్లిక పెట్టి, బంతి గూటిలో కూర్చున్నట్టు ఇమిడే గ్లవ్ బిల్ డోక్ ఆలోచనతో 1920 ప్రాంతంలో వచ్చింది.

ఆ 1920లోనే ఒక ఘోరం జరిగింది. రే చాప్‌మన్ అనే ఆటగాడు తలకి బంతి తగిలి చనిపోయాడు. మాసిన బంతి సరిగ్గా కనబడదని, ఆ తరవాత మురికి బంతుల్ని వెంటవెంటనే మార్చడం మొదలైంది. బంతికి ఉమ్మి రాసి వెయ్యడాన్ని కూడా ఆ ఏడాదే నిషేధించారు. అదే ఏడాది బేబ్ రూత్ అనే ఆటగాడు 54 హోమ్ రన్‌లు కొట్టాడు. అవతల పడేస్తే సరిపోతుందని తెలిశాక ఎవరికైనా చూపు గోడ మీదే కదా! దానికి తోడు కొత్త మైదానాల్లో గోడలూ దగ్గరికొచ్చాయి. ఒకప్పుడు దొర్లిన బంతి ఇప్పుడు గోడ దాటేస్తోంది. దాటకపోతే, పెద్ద గ్లవ్, గట్టి చెయ్యి ఉన్న ఫీల్డర్‌కి ఇట్టే దొరికిపోతోంది. 2019 ఒక్క ఏడాదే 6,776 హోమ్ రన్‌లు పడ్డాయి. ట్రిపుల్‌కి ఇక చోటెక్కడిది?

నేలదే మహిమ అనడానికి డెన్వరే సాక్ష్యం. సముద్రమట్టానికి సుమారు మైలు ఎత్తున ఉన్న ఊరది. అక్కడి మైదానం పేరు కూర్స్ ఫీల్డ్. దాని పై అంతస్తులో కుర్చీల వరుస ఒకటి ఊదారంగులో ఉంటుంది, సరిగ్గా 5,280 అడుగుల ఎత్తుకి గుర్తుగా. అత్తయ్య అక్కడ కందిపప్పు కుక్కర్లో పెట్టకపోతే గంటలకొద్దీ ఉడకదంటుంది. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచన, దాని బరువు తగ్గి నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి. ఆ పలచని గాలే బంతిని కూడా అంతగా అడ్డుకోదు. చిక్కటి గంజిలో గరిట తిప్పడానికీ మజ్జిగలో తిప్పడానికీ ఉన్నంత తేడా! బంతి దూరం పోతుందని తెలిసి, కట్టేటప్పుడే గోడలు దూరంగా పెట్టారు. దాంతో మైదానం విశాలమైంది, ట్రిపుల్స్ బాగా పడతాయి. దొర్లడానికి చోటిస్తే ఈ కాలపు కుర్రాళ్ళే అవలీలగా పరిగెత్తుతున్నారు!

క్రికెట్‌లోనూ ఇంతే కదర్రా. తాడు లోపలికి జరిపారు, ఫోర్లూ సిక్సర్లూ పెరిగాయి, మూడు పరుగులు తీయడం తగ్గిపోయింది. మెల్‌బోర్న్ లాంటి పెద్ద మైదానంలో చూడండి, అక్కడ ఇంకా పరిగెత్తి మూడు తీస్తారు.

అందుకే ఏదైనా తగ్గిందని వింటే మనిషిని తప్పుపట్టకముందు వాడి కాళ్ళ కింద నేలని చూడాలి. నిన్న సాయంత్రం బుజ్జిగాడు అడిగాడు కదా, “తాతయ్యా, మీరంతా చెరువుగట్టు కింద ఆడినప్పుడు నాలుగేసి పరుగులు తీసేవారట, మాకు రెండే వస్తాయేం?” అని. నాకూ తెలుసుకోవాలనుంది. మా రోజుల్లో చింతచెట్టు నుంచి తాటితోపు దాకా అంతా మైదానమే. ఇప్పుడు మధ్యలో రెండు వరుసల ఇళ్ళు లేచాయి. రేపు పొద్దున్నే ఎండెక్కకముందు అందరం వెళ్దాం. ఒరే బుజ్జీ, బావి తాడు నువ్వు పట్టుకురా. అమ్మలూ, నీ లెక్కల పుస్తకంలో ఒక కాగితం ఖాళీగా ఉంచు. ఇప్పుడెంత ఉందో కొలుద్దాం. చింతచెట్టు ఇంకా అక్కడే ఉంది, అప్పుడెంత ఉండేదో నేను నడిచి చూపిస్తాను.